మూడో నెల దాకా ఎవరికీ చెప్పొద్దన్నారు

వంటగది గోడకున్న టీటీడీ క్యాలెండర్లో ఒక తేదీ పక్కన పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టుకున్నాను. ఏడేళ్ల కిందటి మాట. ఎవరైనా అడిగితే పాల లెక్క అని చెప్పేయొచ్చు, అంత చిన్న చుక్క. అది నాకు నెల తప్పిన తేదీ. సంగతి తెలియగానే మా అత్త ముందు నా తల నిమిరింది, ఆ తర్వాత తలుపు దగ్గరికి వేసి గొంతు తగ్గించి, "ఎవురికీ చెప్పాకు పాపా, మూడో నెల నిండేదాకా మీ అమ్మకు తప్ప ఇంకెవురికీ తెలీకూడదు, దిష్టి తగులుతాది" అనింది. ప్రేమతోనే చెప్పింది. ఆమెకు వాళ్ల అత్త అలాగే చెప్పి ఉంటుంది, ఆ అత్తకు ఇంకొకరు. నేనూ తల ఊపాను. స్కూల్లో ఎవరికీ చెప్పలేదు, పక్కింటి అక్కకు చెప్పలేదు, పొద్దున పూట వాంతులొస్తే అజీర్తి అన్నాను.

తొమ్మిదో వారంలో, ఒక శనివారం మధ్యాహ్నం, స్టాఫ్‌రూంలో హాఫ్ ఇయర్లీ పేపర్లు దిద్దుతుంటే నడుము కింద సన్నగా లాగినట్టనిపించింది, నెలసరికి ముందురోజు వచ్చే నొప్పి లాగానే. బాత్రూంకు వెళ్లి చూసుకుంటే గోధుమ రంగు మరక, ఇటుక పొడి నీళ్లలో కలిపినట్టు, రూపాయి బిళ్లంత. దాన్ని ఎంతసేపు చూస్తూ నిలబడ్డానో గుర్తులేదు. బయట కొళాయి దగ్గర పిల్లలు బాటిళ్లు నింపుకుంటూ అరుచుకుంటున్నారు. తిరిగొచ్చి కుర్చీలో కూర్చుని మిగిలిన పదకొండు పేపర్లూ దిద్దాను. నా పక్కన కూర్చునే సోషల్ టీచరమ్మ ముగ్గురు పిల్లల తల్లి, ఆమెను ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది, కానీ అడగాలంటే ముందు కడుపుతో ఉన్నానని చెప్పాలి కదా. చెప్పకూడదు కదా. ఆదివారమంతా మరక ఎర్రబడుతూ వచ్చింది. సోమవారం రాత్రి గడ్డలు పడ్డాయి. అప్పుడు వెళ్లాం ఆసుపత్రికి.

నాకు కోపం ఉన్నది ఇక్కడే. ఎవరికీ చెప్పొద్దనే ఆ మూడు నెలలూ, గర్భం పోయే ప్రమాదం ఎక్కువగా ఉండే మూడు నెలలూ ఒకటే. తెలిసిన గర్భాల్లో వందకు పది నుంచి ఇరవై దాకా పోతాయి, వాటిలో అయిదింట నాలుగు వంతులు మొదటి పన్నెండు వారాల్లోనే పోతాయి. అంటే ఆడదానికి పక్కన నలుగురు ఉండాల్సిన రోజులేవో, సరిగ్గా ఆ రోజుల్లోనే ఆమెను ఒంటరిగా ఉండమంటున్నాం. మూడో నెల దాటాక ఊరంతా సలహాలే, ఏం తినాలి, ఏ పక్కకు తిరిగి పడుకోవాలి, గ్రహణం రోజు ఏం చెయ్యాలి, అన్నీ చెప్తారు. ఆరో వారంలో చుక్క రక్తం కనపడితే ఏం చెయ్యాలో మాత్రం చెప్పేవాళ్లుండరు, ఎందుకంటే ఆరో వారంలో మనం కడుపుతో ఉన్నట్టే ఎవరికీ తెలియదు. పల్లెల్లో ఆశా కార్యకర్తకు కూడా చెప్పరు. పన్నెండు వారాల్లోపు పేరు నమోదు చేయించుకోమంటారు ప్రభుత్వం వాళ్లు, ఫోలిక్ యాసిడ్ మాత్రలు అసలు గర్భానికి ముందు నుంచే మొదలుపెట్టమంటారు డాక్టర్లు. మన దిష్టి లెక్కకూ ఆ లెక్కకూ కుదరనే కుదరదు.

అందుకని అప్పుడు నాకెవరూ చెప్పనిది ఇప్పుడు నేను చెప్తాను.

చుక్క రక్తం కనపడితే అంతా అయిపోయినట్టు కాదు. మొదటి మూడు నెలల్లో దాదాపు నలుగురిలో ఒకరికి ఎంతో కొంత కనపడుతుంది, అలా కనపడినవాళ్లలో సగం మందికి పైగా గర్భం నిలబడి బిడ్డ పుడుతుంది. ముదురు గోధుమ రంగులో, చుక్కలు చుక్కలుగా, నొప్పి లేకుండా ఉంటే అది తరచుగా పాత రక్తం. అయినా సరే ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేసి చెప్పాలి. రంగు ఎర్రగా మారుతూ, ధార పెరుగుతూ, పొత్తికడుపులో మెలిపెట్టినట్టు నొప్పి అలలు అలలుగా వస్తూ, నడుము పట్టేస్తుంటే ఇక ఫోన్ కాదు, వెళ్లి చూపించుకోవాలి. గంటకు రెండు ప్యాడ్ల చొప్పున వరసగా రెండు గంటలు తడిసిపోతున్నా, నిమ్మకాయంత గడ్డలు పడుతున్నా, కళ్లు తిరుగుతున్నా తెల్లారేదాకా ఆగకూడదు, 108కి ఫోన్ చెయ్యాలి. జ్వరం, చలి, వాసనతో కూడిన స్రావం ఉంటే లోపల ఇన్ఫెక్షన్ చేరిందేమో చూడాలి, దానికీ ఆగకూడదు. ముక్కలాంటిది ఏదైనా పడితే భయపడి నీళ్లు పోసేయకుండా శుభ్రమైన డబ్బాలో పెట్టి తీసుకెళ్తే డాక్టరుకు పనికొస్తుంది, ఆ పని చెయ్యడం ఎంత కష్టమో నాకు తెలుసు, అయినా చెప్తున్నాను.

వేవిళ్లు ఒక్కసారిగా తగ్గిపోతే పోయినట్టేనా అని చాలామంది అడుగుతారు. తగ్గడాన్ని బట్టి ఏమీ చెప్పలేం, తొమ్మిది పది వారాలు దాటాక మామూలుగానే తగ్గుతాయి చాలామందికి. తగ్గకపోయినా ధైర్యంగా ఉండటానికి లేదు, ఎందుకంటే రక్తం లేకుండా, నొప్పి లేకుండా, వాంతులు వస్తూనే ఉండగా లోపల బిడ్డ ఆగిపోవడం కూడా ఉంది. అది స్కాన్‌లోనే బయటపడుతుంది. అందుకే మొదటి స్కాన్‌ను మూడో నెల దాటాక చూద్దాంలే అని వాయిదా వెయ్యకూడదు.

ఇంకొకటి ఉంది, అది నా కథ కాదు, చిత్తూరులో ఉండే మా పిన్ని కూతురిది. ఆమెకు నెల తప్పి రెండు వారాలు. కుడిపక్క పొత్తికడుపులో ఒకచోటే నొప్పి. రక్తం పెద్దగా లేదు, అక్కడక్కడ చుక్క. ఇంట్లో వాళ్లకు చెప్పింది గ్యాస్ అని. వాము నమిలింది, సోడా తాగింది, వేడినీళ్ల కాపడం పెట్టుకుంది. మర్నాటికి కుడి భుజం చివర కూడా నొప్పి మొదలైంది, అది చంటిబిడ్డ కాని బిందె కాని ఎత్తినందుకు పట్టిన నొప్పి అనుకుంది, పెద్ద పాప ఉంది కదా ఆమెకు. సాయంత్రం బాత్రూం గడప మీద కళ్లు తిరిగి పడిపోయింది. పిండం గర్భసంచిలో కాకుండా అండం దిగివచ్చే ట్యూబులో పెరిగింది, ట్యూబు పగిలి కడుపులోకి రక్తం కారింది. ఆ రక్తం పైకి చేరి డయాఫ్రంను, అంటే ఛాతీకీ కడుపుకూ మధ్య అడ్డుగా ఉండే కండరాన్ని, రాపిడి పెడితే నొప్పి భుజంలో తెలుస్తుందట, సర్జరీ అయ్యాక డాక్టరు చెబితే మేమంతా నోరు తెరుచుకుని విన్నాం. ఇంత చదువుకున్నాం, భుజం నొప్పికీ కడుపుకూ సంబంధం ఉంటుందని ఒక్కరికీ తెలియదు. వందమందిలో ఒకరిద్దరికి ఇలా ట్యూబులో గర్భం వస్తుంది. నెల తప్పిన ఆడదానికి ఒకపక్కే పొడిచినట్టు నొప్పి, భుజం చివర నొప్పి, కళ్లు తిరగడం, వీటిలో ఏది ఉన్నా గ్యాస్ మాత్ర మింగి పడుకోవడానికి లేదు, అంతే. మా పిన్ని కూతురు బతికింది, తర్వాత బాబు పుట్టాడు. ఆ గడప మీద పడినప్పుడు ఇంట్లో వాళ్ల అత్త ఉంది కాబట్టి బతికింది.

ఈ మాటలన్నీ నేను ఎక్కడైనా చెప్తే ఒక ప్రశ్న వస్తుంది. ముందే తెలుసుకుంటే బిడ్డ దక్కుతుందా? అబద్ధం చెప్పను. మొదటి మూడు నెలల్లో చాలాసార్లు దక్కదు. ఆ దశలో పోయే గర్భాల్లో దాదాపు సగానికి కారణం క్రోమోజోముల లెక్క తప్పడం. అండం, శుక్రకణం కలిసిన పూటే జరిగిపోయినదాన్ని తొమ్మిదో వారంలో ఏ ఇంజెక్షనూ సరిచెయ్యలేదు. మంచం దిగొద్దంటారు మనవాళ్లు, మంచంమీదే ఉంటే గర్భం నిలుస్తుందని రుజువైంది లేదు. హార్మోన్ మాత్రలు, ఇంజెక్షన్లు మన దగ్గర చుక్క కనపడగానే రాసేస్తారు. 2019లో బ్రిటన్‌లో రక్తం కనపడిన నాలుగు వేల మందికి పైగా ఆడవాళ్లకు ప్రొజెస్టరాన్ అనే ఆ హార్మోన్ ఇచ్చీ, ఇవ్వకా పోల్చి చూశారు. మొత్తం మీద పెద్ద తేడా కనపడలేదు, కానీ అంతకుముందు గర్భం పోయినవాళ్లకు, అందులోనూ మూడుసార్లు, అంతకంటే ఎక్కువసార్లు పోయినవాళ్లకు, కొంత మేలు కనపడింది. కాబట్టి మాత్ర రాస్తే వద్దనక్కర్లేదు, మాత్ర రాయలేదని డాక్టరును తిట్టక్కర్లేదు, ఇంతకుముందు పోయిందన్న సంగతి మాత్రం దాచకుండా చెప్పాలి.

నాలుగో నెల దాటాక కథ వేరు. అప్పుడు కింద బరువుగా, ఏదో జారుతున్నట్టు అనిపిస్తే, నీళ్లలాంటి స్రావం ఎక్కువైతే, సన్నటి నడుం నొప్పి వస్తూపోతూ ఉంటే గర్భసంచి ముఖద్వారం వదులవుతోందేమో చూడాలి. సమయానికి దొరికితే కుట్టు వేసి బిడ్డను నిలబెట్టగలిగే సందర్భాలున్నాయి, మన వీధుల్లోనే కుట్టు వేయించుకుని కన్నవాళ్లు ఉన్నారు, అడిగితే చెప్తారు.

మరి మొదటి నెలల్లో బిడ్డ దక్కనప్పుడు ఆ హడావిడి ఎందుకు అంటే, తల్లి దక్కాలి కదా. రక్తం పోయి పోయి ప్రాణం మీదికి తెచ్చుకోకుండా, ట్యూబు పగలకుండా, ఇన్ఫెక్షన్ రాకుండా. నెగెటివ్ బ్లడ్ గ్రూప్ ఉన్నవాళ్లయితే ఆ మాట మొదటే చెప్పాలి, ఎన్ని వారాలు, ఎంత రక్తం పోయింది అన్నదాన్ని బట్టి తర్వాతి కాన్పులో బిడ్డకు హాని జరగకుండా ఇచ్చే యాంటీ-డి ఇంజెక్షన్ కావాలో లేదో డాక్టర్లు చూస్తారు, ఇవ్వాల్సి వస్తే 72 గంటల్లోపు ఇవ్వాలి. శనివారం మరక చూసి మంగళవారం దాకా దాచిపెట్టే వాళ్లకు ఆ గంటలు ఎక్కడున్నాయి?

సోమవారం రాత్రికి తిరిగి వస్తాను. మేం మొదట వెళ్లిన చోట డాక్టరు లేరు, రేపు రమ్మన్నారు. రెండోచోట స్కానింగ్ గదిలో మంచం మీద పడుకోబెట్టి, తెర నావైపు తిప్పకుండా, మాట్లాడకుండా చూస్తూ, చివరికి "లోపలేం లేదమ్మా, బయట కూర్చో" అన్నారు. ఆ ఒక్క మాటే. నేను చీర సర్దుకుని, జెల్ తుడుచుకోవడానికి ఇచ్చిన కాగితం చేతిలో నలిపి పట్టుకుని బయట బెంచీ మీద కూర్చున్నాను. నా పక్కన నిండు చూలాలు ఒకామె కాళ్లు చాపుకుని కూర్చుని టెంకాయ నీళ్లు తాగుతోంది. అప్పటికే చాలావరకు పడిపోయిందని, మిగిలినదానికి మందులు వాడొచ్చు, లేదా క్లీనింగ్ చెయ్యొచ్చని లోపల డాక్టరు చెప్పింది, ఆమె మాత్రం నిదానంగా, కూర్చోబెట్టి చెప్పింది, ఆ మంచితనం మరిచిపోలేదు. ఇక్కడ ఒకటి తెలుసుకోండి. నాలాగా చాలావరకు పడిపోయాక కాదు, పిండం లోపలే ఉండి హార్ట్ బీట్ కనపడలేదన్నప్పుడు, పిండం మరీ చిన్నదిగా ఉంటే, అది ఒక్క స్కాన్‌తో తేల్చే విషయం కాదు. తేదీలు అటూఇటూ అయి ఉండొచ్చు. వారం ఆగి మళ్లీ స్కాన్ చేసి చూస్తారు. రక్తస్రావం, జ్వరం లేకుండా ఉంటే ఆ వారం అడిగే హక్కు మనకుంది, అడగండి.

డిశ్చార్జి కాగితం ఇంకో దెబ్బ. అందులో "ఇన్‌కంప్లీట్ అబార్షన్" అని ఉంది. మా ఆడపడుచు భర్త దాన్ని చదివి, ఎవరికీ చెప్పకుండా మా అత్తను పక్కకు పిలిచి, "ఈమె తీయించుకుందా అత్తా?" అని అడిగాడట. వైద్యంలో తనంతట తాను పోయినదాన్ని కూడా అబార్షన్ అనే రాస్తారు. రక్తం కనపడి గర్భం ఇంకా నిలిచే ఉంటే థ్రెటెన్డ్ అంటారు, కొంత పడి కొంత మిగిలితే ఇన్‌కంప్లీట్ అంటారు, తెలియకుండానే లోపల ఆగిపోతే మిస్డ్ అంటారు. ఈ మూడు మాటల అర్థం తెలియక ఎన్ని ఇళ్లల్లో ఎంతమంది ఆడవాళ్లు దోషుల్లా నిలబడి ఉంటారో తలుచుకుంటే నాకిప్పటికీ కడుపు రగులుతుంది.

ఆ తర్వాత లెక్కలు మొదలయ్యాయి. అయిదో వారంలో కొండకు వెళ్లాం కదా, మేనమామ కొడుక్కు తలనీలాలు తీయించడానికి. అదే కారణం అన్నారు, ఘాట్ రోడ్డు మలుపులకు కదిలిపోయి ఉంటుందన్నారు. బొప్పాయి తినిందేమో అన్నారు. స్కూటీ నడిపింది అన్నారు. నిలబడి పాఠాలు చెప్పింది అన్నారు. పచ్చి బొప్పాయి పాల విషయంలో జాగ్రత్త చెప్పే డాక్టర్లు ఉన్నారు, నిజమే, కానీ బాగా పండిన ముక్క తిన్నందుకు గర్భం పోదు. కొండ బస్సు మలుపులకు పోదు. మామూలు ఇంటిపనికి, ఉద్యోగానికి, మెట్లు ఎక్కినందుకు, భార్యాభర్తలు కలిసినందుకు పోదు. ప్రమాదాన్ని నిజంగా పెంచేవి వేరే ఉన్నాయి. వయసు ముప్పై అయిదు దాటడం, అదుపులో లేని షుగర్, థైరాయిడ్, పొగ, మద్యం, రక్తం గడ్డకట్టే కొన్ని జబ్బులు. వీటి గురించి మా ఇంట్లో ఒక్కరూ అడగలేదు. ఒకసారి పోయినవాళ్లలో ఎక్కువమందికి తర్వాతి కాన్పు మామూలుగానే అవుతుందని కూడా ఎవరూ అనలేదు. వరసగా రెండు మూడుసార్లు పోతే మాత్రం ఊరుకోకూడదు, భార్యాభర్తలిద్దరూ పరీక్షలు చేయించుకోవాలి, ఇద్దరూ.

స్కూలుకు వైరల్ ఫీవర్ అని చీటీ రాసి మూడు రోజులు సెలవు పెట్టాను. నాలుగో రోజు నిలబడి ఏడో తరగతికి భిన్నాలు చెప్పాను, కాళ్లు వణుకుతుంటే బల్లను పట్టుకుని. గర్భం పోయిన మర్నాటి నుంచి ఆరు వారాలు జీతంతో సెలవు ఇవ్వాలని 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం నుంచే ఉంది, పది మంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే సంస్థలకు. డాక్టరు కాగితం చూపించాలి. ఆ సంగతి నాకు రెండేళ్ల తర్వాత తెలిసింది. తెలిసి ఉన్నా ఏం లాభం, కడుపుతో ఉన్నానని చెప్పనిదాన్ని కడుపు పోయిందని ఎలా చెప్తాను?

చెప్పకపోవడమే మంచిదనేవాళ్లు చెడ్డవాళ్లు కారు. మా వదిన అంటుంది, "అందరికీ చెప్పుకుని, తర్వాత పోతే, ఎదురుపడిన ప్రతివాళ్లకీ పోయింది పోయింది అని చెప్పుకోవాలి, అది ఇంకా నరకం" అని. ఆ మాటలో నిజం ఉంది, నేను కాదనను. గంగమ్మ జాతరలో కనపడి "ఎన్నో నెల?" అని అడిగిన దూరపు చుట్టానికి సమాధానం చెప్పే కష్టం చిన్నది కాదు. కానీ మొత్తం వీధికి చెప్పమని నేను అనడంలేదు. అర్ధరాత్రి పిలిస్తే వచ్చేవాళ్లు ఇద్దరికి చెప్పండి. బండి ఉన్నవాళ్లు ఒకరు, కన్నవాళ్లు ఒకరు. పని చేసేచోట ఒక్కరికి. డాక్టరుకు, ఆశా కార్యకర్తకు మొదటి నెలలోనే. తిరుపతిలో రుయా ఆసుపత్రి దగ్గర్లోనే ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి ఉంది, డబ్బు లేదని ఆగిపోవాల్సిన ఊరు కాదు మనది. మరి దిష్టి మాటేంటి అంటే, నేనూ ఉప్పూ మిరపకాయలూ తిప్పుతాను మా పాపకు, ఇప్పుడు అయిదేళ్లు దానికి. తిప్పితే తిప్పుకుందాం. నోరు కట్టేసుకోవడం ఎందుకు?

మా పాప కడుపులో ఉన్నప్పుడు ఏడో వారంలోనే సోషల్ టీచరమ్మకు చెప్పాను. ఆమె పేపరు దిద్దడం ఆపి, పెన్ను మూత పెట్టి, నావైపు తిరిగి, తనకు రెండో కాన్పుకు ముందు ఒకటి పోయిందని చెప్పింది. ఆరేళ్లు పక్కపక్కనే కూర్చున్నాం.

పోయిన నెల మా స్కూల్లో కొత్తగా చేరిన ఒకమ్మాయి, పుత్తూరు వైపు అమ్మాయి, మధ్యాహ్నం బాక్సు మూత తెరిచి వాసనకు మొహం తిప్పుకుంది. నేనేమీ అడగలేదు. స్టాఫ్‌రూం ఖాళీ అయ్యాక తనే వచ్చి, "అక్కా, మీకొక్కరికే చెప్తున్నా, ఎవరికీ చెప్పొద్దన్నారు ఇంట్లో" అనింది.

"ఎన్ని వారాలు?"

"ఎనిమిది ఉంటాయేమో అక్కా. డాక్టరు దగ్గరికి ఇంకా పోలేదు. మూడో నెల నిండినాక పోదామంటా ఉండారు."

"బ్లడ్ గ్రూప్ ఏంటి నీది?"

కొంచెం ఆలోచించుకుంది. "ఓ నెగెటివ్ అక్కా. కాలేజీలో క్యాంపులో చూసినారు. ఎందుకు?"

బెల్లు కొట్టారు. సాయంత్రం అయిదింటికి గేటు దగ్గర నిలబడమని చెప్పాను, నా స్కూటీ మీదే వెళ్దామని.